అనధికార నిద్ర

గవర్రాజు ఇరవై రెండేళ్ళపాటు ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో నాణ్యత చూసే ఉద్యోగం చేశాడు. నాణ్యత అంటే పెద్ద సంగతేం కాదు, ప్రతి బిస్కెట్టుకీ పద్దెనిమిది చిల్లులు ఉండాలి. పదిహేడు ఉంటే తీసి పక్కన పడెయ్యాలి, పంతొమ్మిది ఉన్నా తీసి పక్కన పడెయ్యాలి. తినేవాళ్ళెవరూ చిల్లులు లెక్కపెట్టుకుని తినరని ఆయనకీ తెలుసు. అయినా లోకంలో ఒక్కడైనా లెక్కపెట్టకపోతే చిల్లులు అదుపు తప్పిపోతాయనీ, ఆ ఒక్కడూ తనేననీ గట్టిగా నమ్మాడు. ఆ నమ్మకం మీదే పెళ్ళి చేసుకున్నాడు, కాకినాడలో ఇల్లు కట్టుకున్నాడు, నెత్తిమీద జుట్టు సగం పోగొట్టుకున్నాడు.

చివరికి చిల్లులు లెక్కపెట్టే మిషనొకటి వచ్చింది. ఫ్యాక్టరీవాళ్ళు ఆయనకి శాలువా కప్పి, చేతిలో బిస్కెట్ల డబ్బా పెట్టి, ఇక దయచేయమన్నారు. ఆ డబ్బా పట్టుకుని మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఇంటి గేటు తీశాడు. పనిరోజున ఆ వేళప్పుడు ఇంటికి రావడం ఆయన జీవితంలో అదే మొదలు.

వెనక వరండాలో పదకొండు మంది పిల్లలు నిద్రపోతున్నారు.

గవర్రాజు తల్లి వరహాలమ్మ చుట్టుపక్కల పిల్లల్ని చూస్తుందని ఆయనకి తెలియకపోలేదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగస్తులు, ఆసుపత్రి నర్సులు పొద్దున్న పిల్లల్ని దింపేసి సాయంత్రం పట్టుకెళ్ళేవారు. పిల్లలూ వాళ్ళ తల్లులూ కూడా ఆవిణ్ణి మామ్మ అనే పిలిచేవారు. గవర్రాజు భార్య సుభద్ర పప్పన్నం మెత్తగా కలిపి పెట్టేది. ఇదంతా పదహారేళ్ళనుంచీ జరుగుతోంది. కానీ తెలియడం వేరు, చూడడం వేరు. దూలానికి కట్టిన పాత నేతచీర ఉయ్యాలలో ఒక పసిపిల్ల, చాపల మీద మిగతా పదిమంది, అందరి నోళ్ళూ ఒకేలా తెరుచుకుని ఉన్నాయి. ఉయ్యాల తాడు మామ్మ కాలి బొటనవేలికి కట్టి ఉంది. మామ్మ గోడకి చేరగిలబడి, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి, కాలు ఊపడం కూడా మానేసి, మహా ఏకాగ్రతతో కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళలో గవర్రాజు ఒకే నాణ్యతగల పదకొండు సరుకుల్ని ఒక్కచోట చూసి ఎరగడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

మూడింటికి మామ్మ కళ్ళు తెరిచేదాకా ఆగి, ఇది ఎలా చేస్తున్నావమ్మా అని అడిగాడు.

"నేనేం చేస్తానురా. ఏమీ చెయ్యను," అంది మామ్మ.

ఆ మాటని ఆయన వినయం కింద జమకట్టాడు. ఇప్పుడు ఈ సంగతంతా చెప్పేటప్పుడు గవర్రాజు తనని తాను పేరుతో పిలుచుకోడు, 'ఆ మేధావి' అంటాడు. ఆ మేధావి ఆ సాయంత్రమే ఒక తెల్లకాగితం తీసి, పైన 'విస్తరణ' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

నెల తిరక్కుండా మెయిన్‌రోడ్డు మీద ఒక మేడ అద్దెకి తీసుకుని 'మామ్మగారి ఒడి శిశు సంరక్షణ కేంద్రం' అని బోర్డు కట్టాడు. బోర్డు మీద మామ్మ బొమ్మ పెద్దది వేయించాడు. బొమ్మలో మామ్మకి కళ్ళజోడు లేదు, పళ్ళు మాత్రం అన్నీ ఉన్నాయి. మామ్మ రోజూ ఆటోలో మేడకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, పిల్లల్ని పడుకోబెట్టేది. నిద్రవేళ ఎవరూ లోపలికి తొంగిచూడకూడదన్నది ఆవిడ పెట్టిన ఒకేఒక్క షరతు. మనవాళ్ళకి సొంత వీధిలో వరండా ఉంటే నమ్మకం కుదరదుగానీ, మేడా మెట్లూ బోర్డూ కనబడితే మాత్రం వరస కట్టేస్తారు. ఆరు నెలల్లో భానుగుడి దగ్గర రెండోదీ, జగన్నాథపురంలో మూడోదీ తెరిచాడు. సుభద్రని మూడు కేంద్రాల వంటకీ పెద్దని చేశాడు. తనని ఏం చేసుకోవాలో తెలియక మేనేజింగ్ డైరెక్టర్ని చేసుకున్నాడు.

నూట నలభై పేజీల నియమావళి కూడా రాశాడు. మొదటి నియమం ఫ్యాక్టరీ గోడ మీద ఇరవై రెండేళ్ళు చదివినదే: విధి నిర్వహణలో ఉన్న సిబ్బంది ఎట్టి పరిస్థితులలోనూ కునుకు తీయరాదు. దాని కింద ఎర్రగీత గీశాడు. మామ్మకి చదవడం వచ్చుగానీ, నూట నలభై పేజీలు ఎవరు చదువుతారని దాన్ని దిండు కింద పెట్టుకుంది.

కరపత్రం కూడా అచ్చు వేయించాడు. 'మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు మా పిల్లలందరూ ఏకకాలంలో నిద్రిస్తారు' అన్నది అందులో పెద్దక్షరాల వాక్యం. ఒక్క మెయిన్‌రోడ్డు కేంద్రానికి సంబంధించినంతవరకు అది నిజం. తక్కిన రెండు చోట్లా ఒంటిగంటకి పిల్లలు నిద్ర తప్ప అన్నీ చేసేవారు.

సరిగ్గా అప్పుడే జిల్లాకి కొత్తగా 'శిశు సంరక్షణ ప్రమాణాల మండలి' ఒకటి వచ్చింది. దానికి గదులున్నాయి, కుర్చీలున్నాయి, జీపుంది. ప్రమాణాలు మాత్రం ఇంకా రాలేదు. ప్రమాణాల కోసం వెతుకుతున్న వేళ పర్యవేక్షక సభ్యులు చక్రధరంగారి బల్ల మీదకి గవర్రాజు కరపత్రం వచ్చి పడింది. పదిహేను రోజుల్లో ఉత్తర్వు వెలువడింది. జిల్లాలోని అన్ని కేంద్రాలలో పిల్లలందరూ మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు ఏకకాలంలో నిద్రించవలెను, ఆరు నెలలలో ఆ స్థాయికి రాని కేంద్రముల గుర్తింపు రద్దు చేయబడును. వాక్యం ఎక్కడో చదివినట్టుందే అనుకున్నాడు గవర్రాజు. తర్వాత గుర్తొచ్చి, తన కరపత్రం తీసి పక్కన పెట్టి సరిచూసుకున్నాడు.

కారణం పట్టుకుంటే పని అవుతుందని ఆయన ధీమా. నలభై ఒక్క ప్రశ్నలతో ఒక కాగితం తయారుచేసి ఆయాలకీ, సుభద్రకీ, చివరికి ఆటోవాడికీ కూడా ఇచ్చి పూర్తిచేయించాడు. చాప నేత, గోడ రంగు, పప్పులో ఉప్పు, కిటికీ దిక్కు అన్నీ అడిగాడు. మామ్మ చాప తీసుకెళ్ళి భానుగుడిలో వేశాడు, లాభం లేకపోయింది. మామ్మ పీట తీసుకెళ్ళాడు, ఒక పిల్లవాడు దాని మీంచి పడ్డాడు. మామ్మ పాత నేతచీర తీసుకెళ్ళి ఉయ్యాల కట్టించిన రోజున మాత్రం ఒక పిల్ల అరగంటలో నిద్రపోయింది. ఆ పిల్లకి ఆ రోజు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉంది, ఆ సంగతి నలభై ఒక్క ప్రశ్నల్లోకి ఎక్కలేదు.

ఆ వారంలోనే చక్రధరంగారు జీపు దిగారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కాగితంలా ఉండే మనిషి. మాట్లాడినా ఆయన నోట రాతే వస్తుంది.

"తమ ప్రధాన కేంద్రమున నిద్ర సంభవించుచున్నది, సంతోషము. అది దేనివలన సంభవించుచున్నది?" అన్నారు.

"మా అమ్మ వల్లండి," అన్నాడు గవర్రాజు, ఆలోచించకుండా.

"అమ్మ అనునది పరికరము కాదు. ఒక్క అమ్మను మూడు కేంద్రములందు అమర్చుట సాధ్యపడదు. అమర్చదగిన దానిని చెప్పుడు."

నిజానికి గవర్రాజు కూడా లోలోపల అలాగే అనుకుంటున్నాడు. ఇంత పెద్ద సంస్థ ఒక ముసలమ్మ మీద ఆధారపడి ఉందంటే మేనేజింగ్ డైరెక్టరు అనే మాటకి విలువేముంది. గొంతు సవరించుకుని, చీర అండి అన్నాడు.

చక్రధరంగారి ముఖం విప్పారింది. చీర కొలవదగినది. పొడుగుంది, వెడల్పుంది, వయసుంది. మండలి రెండుసార్లు సమావేశమై తీర్మానించింది: నిద్రోత్పాదక వస్త్రము అనగా అరవై ఏళ్ళు దాటిన, మనుమలు కల స్త్రీ పన్నెండు సంవత్సరములు ధరించి, కనీసము ఆరువందల పర్యాయములు ఉతికిన నూలుచీర. మూడు కేంద్రములకు అరవై వస్త్రములు. ప్రతి దాని మీద మండలి ముద్ర ఉండవలెను.

మామ్మ పెట్టెలో పధ్నాలుగు చీరలు దొరికాయి. గవర్రాజు ఆ పధ్నాలుగూ తీసుకుని, బదులుగా పధ్నాలుగు కొత్త పాలియెస్టరు చీరలు తెచ్చి పెట్టాడు. మామ్మ వాటిని పెట్టెలో సర్దుకుంది. ఒంటి మీదున్న చీర మాత్రం ఇవ్వనంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. చీర గుణం నిర్ధారణ కావాలంటే, దాన్ని కట్టుకున్న మనిషి దాని దరిదాపుల్లో ఉండకూడదని మండలి తాఖీదు పంపింది. ఆవిడ పక్కనుంటే వచ్చిన నిద్ర ఎవరి ఖాతాలోదో తేలదు. ఈ సంగతి తల్లికి చెప్పడానికి గవర్రాజు రెండ్రోజులు తిరిగాడు. మూడో రోజు పొద్దున్న మామ్మ జడ వేసుకుని ఆటో కోసం వీధిలోకి వస్తుంటే గుమ్మంలో ఆపి చెప్పాడు.

"తేలకపోతే ఏంట్రా? పిల్ల పడుకుంది కదా," అంది మామ్మ.

దానికి జవాబు నియమావళి ముప్ఫై నాలుగో పేజీలో ఉందిగానీ, గుమ్మంలో నిలబడి చదవలేకపోయాడు. ఆర్నెల్లేగదమ్మా, హాయిగా విశ్రాంతి తీసుకో అన్నాడు.

"మరి ఒంటిగంటకి నేనేం చెయ్యను?"

ఆవిడ కోపంగా అడగలేదు, నిజంగానే తెలియక అడిగింది. కానీ గవర్రాజుకి అవతల జగన్నాథపురంలో గోదాము అద్దెకి చూసుకోవలసిన పని ఉంది, వెళ్ళిపోయాడు. మెయిన్‌రోడ్డు మేడ మీద బోర్డులో మామ్మ అన్ని పళ్ళతోనూ నవ్వుతూనే ఉంది. ఆ మేడ మెట్లెక్కడానికి మాత్రం ఆవిడకిప్పుడు అనుమతి లేదు.

గోదాములో తెరిచినదాని పేరు 'చీరల పక్వశాల'. పన్నెండేళ్ళు ఆగడానికి గడువు లేదు కాబట్టి చక్రధరంగారు ఒక వెసులుబాటు ఇచ్చారు. ఒకే స్త్రీ మూడు చీరలను ఒకదానిపై ఒకటి ధరించినచో ఒక్కొక్క నెల ఆరు సంవత్సరములుగా పరిగణించబడును. ఆ ప్రకారం ఎనిమిది మంది మామ్మల్ని పనిలోకి తీసుకున్నారు. మూడేసి చీరలు కట్టుకుని వాళ్ళు గుమ్మంలోంచి పక్కకి తిరిగి లోపలికి వచ్చేవారు, ఒకళ్ళు కూర్చుంటే లేపడానికి ఇద్దరు కావలసి వచ్చేది. గోడ మీద గవర్రాజు దినచర్య అంటించాడు. తొమ్మిదింటికి పచ్చడి రుబ్బి కొంగుకి చేతులు తుడుచుకోవలెను. పదింటికి కుంపటి విసరవలెను. పదకొండింటికి చీరతో వేడిగిన్నెలు దించవలెను. పన్నెండింటికి మనుమల ముక్కులు తుడవవలెను, మనుమలు తెచ్చుకోనివారు పక్కవారి మనుమలను ఉపయోగించుకొనవచ్చును.

వాళ్ళలో సూరమ్మ అనే ఆవిడ కొన్నాళ్ళు గమనించి, ఒకరోజు గవర్రాజుతో మెల్లిగా అంది.

"ఇలా చేస్తే కొంగు మెత్తబడదు బాబూ. దాంతో కళ్ళొత్తుకోవాలండి. మా ఆయన పోయిన యేడాది కట్టిన చీర చూడండి, వెన్నలా ఉంటాది."

గవర్రాజు వెంటనే దినచర్యలో ఇంకో వరస చేర్చాడు. మధ్యాహ్నం రెండింటికి పది నిమిషాలు కళ్ళొత్తుకొనవలెను, ఉల్లిపాయలు సంస్థ సరఫరా చేయును. ఆ పని చేసినందుకు ఆ మేధావి చాన్నాళ్ళు గర్వపడ్డాడు కూడా.

నాలుగో నెల చివర చీరల పరీక్ష జరిగింది. చక్రధరంగారు ఒక్కొక్క చీరా ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, గుమాస్తాకి చెప్పి రాయించారు.

"ఇంగువ ఛాయ సంతృప్తికరము. పసుపు అధికము. ఆవకాయ మరక ఉండవలసిన స్థానమునకు జానెడు ఎడమగా ఉన్నది, అయినను ఆమోదించవచ్చును."

అరవై చీరలకీ ముద్ర పడింది. మూడు కేంద్రాల్లో అరవై ఉయ్యాలలు వేళ్ళాడాయి. మర్నాడు ఒంటిగంటా పదికి గవర్రాజు గడియారం పట్టుకుని భానుగుడి కేంద్రం తలుపు సందులోంచి చూశాడు. ఆయాలు మొదటి నియమం ప్రకారం కళ్ళు ఇంతింత చేసుకుని ఉయ్యాలల పక్కన నిలబడి ఉన్నారు. వాళ్ళు పిల్లల కళ్ళలోకి చూస్తున్నారు. పిల్లలు వాళ్ళ కళ్ళలోకి చూస్తున్నారు. ఒంటిగంటా నలభైకి ఒక పిల్లవాడు ఉయ్యాలలో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

అందరికంటే మొండిది మెయిన్‌రోడ్డు కేంద్రంలోని లోహిత. పధ్నాలుగు నెలల పిల్ల, ఆసుపత్రిలో నర్సుగా చేసే కుసుమ కూతురు. మామ్మ ఉన్నన్నాళ్ళూ ఉయ్యాల ఆ పిల్లదే. ఇప్పుడు ముద్రపడ్డ ఏ చీరలో వేసినా ముద్రని పీకడానికి చూసేదే తప్ప రెప్ప వాల్చేది కాదు. పాప నిద్ర లేక చిక్కిపోతోందండీ అని కుసుమ రెండుసార్లు చెప్పుకుంది. గవర్రాజు దాన్ని ఫిర్యాదుల పుస్తకంలో రాయించి, వరస నంబరు ఇచ్చాడు. ఆయనకీ ఆ మధ్య నిద్ర పట్టడం లేదు, కాకపోతే దానికి నంబరు ఇచ్చేవాళ్ళు లేరు.

తర్వాత ఒక విచిత్రమైన జ్వరం మొదలైంది. మెయిన్‌రోడ్డు కేంద్రంలో రోజూ పన్నెండున్నరకి కొందరు పిల్లలకి ఒళ్ళు కాలుతోందని తల్లులో తాతలో వచ్చి తీసుకెళ్ళిపోయేవారు. మూడున్నరకి జ్వరం తగ్గి, బుగ్గలు నిగనిగలాడుతూ తిరిగొచ్చేవారు. అదే వేళకి సుభద్రకీ తలనొప్పి వచ్చి ఇంటికి వెళ్ళిపోయేది. గవర్రాజు జ్వరానికి ఒక పట్టిక గీశాడు. జ్వరం తొమ్మిది మందికి ఉన్నట్టు తేలింది, లోహిత మొదటి వరసలో ఉంది.

పట్టిక మీద సిరా ఆరకముందే మండలి నుంచి లేఖ వచ్చింది. తమ కేంద్రమునకు సమీపమున గుర్తింపు లేని ఒక స్థలమందు ప్రతిదినము అనధికార నిద్ర జరుగుచున్నట్లు విశ్వసనీయ సమాచారము అందినది, కావున తమరు స్వయముగా తనిఖీ చేసి, జతపరచిన పత్రము పూర్తిచేసి, సాయంత్రము అయిదు గంటలలోగా సమర్పించవలెను. పత్రం అందితే ఆ స్థలం మూయించి, బాధ్యుల్ని జీవితాంతం పిల్లల సంరక్షణకి అనర్హులుగా ప్రకటిస్తారు. అందకపోతే మూడు కేంద్రాల గుర్తింపూ రద్దు. కింద చిరునామా ఉంది. గవర్రాజు దాన్ని రెండుసార్లు చదివాడు. అది ఆయన ఇంటి నంబరే.

పన్నెండు ముప్పావుకి పెరటి గేటు తీసి, చెప్పులు చేత్తో పట్టుకుని, తన ఇంట్లోకి తనే దొంగలా వచ్చాడు. వరండాలో పన్నెండు మంది పిల్లలున్నారు. తొమ్మిది మంది జ్వరం వాళ్ళు, ముగ్గురు కొత్తవాళ్ళు. దూలానికి ఉయ్యాల ఉంది. అది ఆయన కొనిచ్చిన పాలియెస్టరు చీర, నున్నగా మెరుస్తోంది, షాపు చీటీ కూడా ఇంకా అంచుకి వేళ్ళాడుతోంది. ఇంగువ ఛాయ లేదు, ఆవకాయ మరక అసలే లేదు. అందులో లోహిత కూర్చుని ఉంది.

మామ్మ ఆయన్ని చూసి ఉలిక్కిపడలేదు. చేతిలో ఉన్న పత్రం కూడా చూసింది.

"వచ్చేవా. చెప్పులు అక్కడ పెట్టు. ఆ చాప మీద కూచో, మాట్లాడకు," అంది.

గవర్రాజు కూర్చుని కలం తీశాడు. మొదటి గడిలో స్థలం రాశాడు, రెండో గడిలో పన్నెండు అని రాశాడు. మూడో గడి 'నిద్రకు కారణభూతమైన పరికరము'. దాని దగ్గర ఆగి గడియారం చూస్తూ మామ్మని గమనించాడు. ఒంటిగంటకి ఆవిడ తాడు బొటనవేలికి తగిలించుకుంది. పడుకోండర్రా అని అనలేదు. ఏదో మాటల్లేని కూనిరాగం తీసింది, అదీ రెండు నిమిషాలే. ఒంటిగంటా నాలుగుకి తల పక్కకి వాలింది. ఒంటిగంటా అయిదుకి చిన్నగా గురక మొదలైంది. ఏకాగ్రత అని ఏడాది కింద ఆయన కళ్ళు చెమర్చుకుని చూసినది ఇదే.

పిల్లలు మామ్మ వంక చూశారు. ఒకడు ఆవులించాడు, పక్కవాడికి అంటింది. లోహిత ఉయ్యాల అంచు మీంచి వంగి, మామ్మ నిజంగానే పడుకుందా లేదా అని కాసేపు పరీక్షగా చూసింది. పడుకుందని తేల్చుకున్నాక, ఇంక మెలకువగా ఉండి చూడ్డానికేం లేదన్నట్టు తల వాల్చేసింది. ఒంటిగంటా పదికి వరండాలో గవర్రాజు తప్ప మేలుకున్నవాళ్ళు లేరు.

నేనేం చేస్తానురా, ఏమీ చెయ్యను. ఆవిడ మొత్తం రహస్యం మొదటిరోజే చెప్పేసింది. ఆయన ఆ మాట వదిలేసి నూట నలభై పేజీలు రాశాడు, అందులో మొట్టమొదటి వాక్యంతోనే మూడు కేంద్రాల పిల్లల నిద్రా చెడగొట్టాడు. గవర్రాజుకి సిగ్గేసింది. చిల్లులు లెక్కపెట్టే మిషను వచ్చినప్పుడు కూడా ఇంత సిగ్గు వెయ్యలేదు. ఒంటిగంటకి నేనేం చెయ్యను అని తల్లి అడిగిన మాట ఇప్పుడు చెవుల్లో గింగురుమంది.

వరండాకి ఆనుకున్న వంటింటి కిటికీలో సుభద్ర చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చుని ఉంది. ఆవిడ కళ్ళు చేతుల మీద లేవు, పిల్లల మీద ఉన్నాయి. గవర్రాజు పిల్లిలా కిటికీ దగ్గరికి వెళ్ళి, అమ్మే ముందు పడుకుంటుందని నీకు తెలుసా అని గుసగుసగా అడిగాడు.

"తెలుసండి. పదహారేళ్ళనుంచీ ఆవిడ పడుకుంటారు, నేనిక్కణ్ణించో, మేడలో అయితే వంటగదిలోంచో చూస్తాను. ఒక్క పిల్ల దగ్గినా నాకంటే ముందు ఆవిడే లేస్తారు."

"మరి నాతో చెప్పలేదేం?"

"నలభై ఒక్క ప్రశ్నలు రాసిచ్చారు కదండీ. అందులో ఆ ప్రశ్న లేదు," అంది సుభద్ర, ఇంకో కాయ తీసుకుంటూ.

గవర్రాజు చాప మీదికి తిరిగొచ్చి పత్రం ఒళ్ళో పెట్టుకున్నాడు. నాలుగో గడి 'బాధ్యులు'. అక్కడ తల్లి పేరు రాస్తే మూడు కేంద్రాలు బతుకుతాయి, రాయకపోతే పోతాయి. బోర్డు, మేడ, మేనేజింగ్ డైరెక్టరు కుర్చీ అన్నీ ఒకసారి కళ్ళ ముందు తిరిగాయి. మామ్మ గురక ఆగి మళ్ళీ అందుకుంది. ఆయన మూడో గడిలో 'ఆయా ముందుగా నిద్రించుట' అని రాశాడు. నాలుగో గడిలో 'గవర్రాజు, మేనేజింగ్ డైరెక్టరు. మెలకువగా ఉండుట, ఇతరులను ఉంచుట ఇతని నేరము' అని రాసి, కింద సంతకం పెట్టి, నాలుగున్నరకి తనే తీసుకెళ్ళి మండలిలో ఇచ్చి రసీదు తీసుకున్నాడు.

జవాబు వారంలో వచ్చింది. మొదటి పేరాలో, యాజమాన్యమే నేరము అంగీకరించినందున మూడు కేంద్రముల గుర్తింపు రద్దు చేయడమైనది. రెండో పేరాలో, యాజమాన్యము కనుగొన్న సత్యము అమూల్యమైనందున జిల్లాలోని అన్ని కేంద్రములకు వర్తింపజేయడమైనది. ఇకపై ఒంటిగంటకు ఆయాలు విధిగా నిద్రించవలెను, వారు నిజముగా నిద్రించుచున్నారో లేదో చూచుటకు ఒక్కొక్క ఆయాకు ఒక్కొక్క పరిశీలకుని నియమించవలెను. పరిశీలకులు కునుకు తీయరాదు. ఇప్పుడు జిల్లా అంతటా పిల్లలు ఒంటిగంటకి పరిశీలకుల కళ్ళలోకి చూస్తున్నారని వినికిడి.

మేడ మీద బోర్డు దింపేశారు. ముద్రపడ్డ చీరల్లో మామ్మవి మామ్మకి వెనక్కి ఇచ్చేశాక, మిగిలినవి వాటిని పక్వం చేసిన ఎనిమిది మందికీ పంచాడు గవర్రాజు. ఉల్లిపాయలతో అయితేనేం, మెత్తగానే వచ్చాయండి అంది సూరమ్మ. వరండాకీ గుర్తింపు లేదని మండలి ఒక నోటీసు పంపింది. బంధువుల పిల్లల్ని చూసుకోవడానికి గుర్తింపు అక్కర్లేదని ఉత్తర్వులోనే ఉంది కాబట్టి, మామ్మని మామ్మా అని పిలిచే పిల్లలు బంధువులు అవుతారా కారా అని సుభద్ర లిఖితపూర్వకంగా అడిగింది. మండలి ఆ ప్రశ్నని ఉపసంఘానికి పంపింది. ఉపసంఘం ఇంకా ఆలోచిస్తోంది.

ఉద్యోగం లేక పదిరోజులు పెరట్లో తిరిగి తిరిగి, ఒకరోజు గవర్రాజు తల్లి ముందు నిలబడి, నాకేమైనా పనుందా అమ్మా అని అడిగాడు. మామ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. చదువు అడగలేదు, అనుభవం అడగలేదు.

"నీకు నిద్ర పడుతుందా?" అంది.

పడుతుందనే చెప్పాడుగానీ మూడు రోజులు తప్పాడు. చాప మీద కళ్ళు మూసుకుని పడుకునేవాడు, లోపల మాత్రం లెక్క నడుస్తూనే ఉండేది. ఎంతమంది పడుకున్నారో చూద్దామని ఒక కన్ను కొంచెం తెరిస్తే, ఉయ్యాల అంచు మీంచి లోహిత ఆయన్నే చూస్తూ ఉండేది. నీ కొడుకు పిల్లల్ని పాడుచేస్తున్నాడని మామ్మకి నాలుగేళ్ళ పిల్లవాడొకడు ఫిర్యాదు కూడా చేశాడు. ఇంకొక్క రోజు చూసి మానిపించేస్తానంది మామ్మ.

నాలుగో రోజు పప్పన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. ఒంటిగంటకి మామ్మ కూనిరాగం తీసింది. తాడు రెండుసార్లు కిర్రుమంది. ఆ మధ్యాహ్నం వరండాలో పధ్నాలుగు మంది పిల్లలు, ఒక్కరు కూడా తప్పకుండా, అందరూ ఒక్కసారే నిద్రపోయారట. సుభద్ర చెబితే తెలిసింది. లెక్కపెట్టడానికి గవర్రాజు మెలకువగా లేడు.